పరీక్షకు ముందు ఒక కప్పు టీ

మా అక్కయ్యది మానుకోట. కాగితాల మీద మహబూబాబాదు అని రాసినా మా నోటికి ఇప్పటికీ అది మానుకోటే. నేను ఇరవై ఏళ్ళుగా జనగామ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను. అక్కయ్య కూతురు భూపాలపల్లిలో కాపురం. అల్లుడు అక్కడి బొగ్గుగనిలో ఉద్యోగి. ఇలా మూడు ఊళ్ళలో మూడు తీరుగా ఉన్న మమ్మల్ని, కిందటేడు అక్కయ్య మెడ పక్కన లేచిన ఒక చిన్న గడ్డ ఒకచోటికి చేర్చింది.

ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అన్నారు. లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సరు అది. "ఎంతవరకు పాకిందో చూస్తేగాని మందు నిర్ణయించలేం. పెట్-సీటీ స్కాను తీయించండి" అన్నారు డాక్టరుగారు. మానుకోటకు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చిన మాట నిజమే. అయినా ఈ పరీక్షకు మేము హైదరాబాదు దారే పట్టవలసివచ్చింది.

ఆనాడు పొద్దున్నే అక్కయ్యా, బావా మానుకోటలో రైలెక్కారు. జనగామలో నేను వాళ్ళ పెట్టెలోకి ఎక్కాను, చేతిలో ఫ్లాస్కుతో సహా.

"ఏం తినకుండ వచ్చిన తమ్మీ, కండ్లు తిరుగుతున్నయి" అన్నది అక్కయ్య. ఆమెకు పదేళ్ళుగా షుగరు వ్యాధి. మా ఇంటావిడ "చక్కెర తక్కువే వేశాను" అని చెప్పి ఇచ్చిన టీ పోసి, రెండు బిస్కెట్లు చేతిలో పెట్టాను.

"ఏం తినొద్దన్నరు గదా?" అని బావ సణిగాడు.

"తినవద్దన్నది అన్నం బావా, టీకేమిటి!" అన్నాను. ఎం.ఏ. చదివినవాణ్ణి గదా, నా మాటకు ఎదురు లేకపోయింది.

పరీక్షా కేంద్రంలో మొదట వేలు పొడిచి రక్తంలో చక్కెర చూశారు. 262! "ఇవాళ కుదరదమ్మా, ఐదు రోజుల తరువాత రండి" అన్నది నర్సు. అంటే మందు మొదలుకావడం మరి ఐదు రోజులు వెనక్కి పోయిందన్నమాట. తీరా చూస్తే, ఏమి తినాలో, ఏమి తినరాదో రాసిన కాగితం మా ఫైలులోనే ఉంది. దానిలో నేను చదివింది తారీఖూ, వేళా మాత్రమే. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పే పెద్దమనిషిని, ఒక్క కాగితం చదవలేకపోయాను! తిరుగు రైలులో అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ రాత్రి కూర్చుని సంగతేమిటో తెలుసుకున్నాను.

చక్కెరకూ స్కానుకూ ఏమిటి సంబంధం?

చాలా రకాల క్యాన్సరు కణాలకు ఆకలి జాస్తి. అవి మామూలు కణాలకంటే ఎక్కువ చక్కెరను మింగుతాయని 1920ల లోనే ఆటో వార్‌బర్గ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు గమనించాడు. బెల్లం ఉన్నచోటికి చీమలు చేరడం లోకరీతి. ఇక్కడ మనమే కాస్త బెల్లం చల్లి, చీమలెక్కడ దాగి ఉన్నాయో కనిపెడతామన్నమాట.

ఆ బెల్లం పేరు ఎఫ్.డి.జి. ఇది గ్లూకోజు వంటిదే. కాని దానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలిస్తారు. కణంలోకి పోయిన ఈ చక్కెర పూర్తిగా జీర్ణం కాదు, అక్కడే చిక్కుకుపోతుంది. దానినుంచి పుట్టే కిరణాలను చుట్టూ ఉన్న యంత్రం పసికడుతుంది. ఆ వెలుగు శరీరంలో ఏ చోట ఉన్నదో సీటీ చిత్రం చూపిస్తుంది.

ఫ్లోరిన్-18 ధార్మికత సుమారు 110 నిమిషాలకు సగమైపోతుంది. 1976లో మొదటిసారి మనుషులకు దీన్ని ఇచ్చినప్పుడు, అమెరికాలో బ్రూక్‌హేవెన్‌లో తయారుచేసి విమానంలో ఫిలడెల్ఫియాకు పరుగున చేర్చారట. మనకోసం తెప్పించిన మందును రేపటికి దాచిపెట్టడం కుదరదు.

ఇక నేను పోసిన టీ సంగతి. రక్తంలో అప్పటికే చక్కెర నిండి ఉంటే, ఈ కొత్త చక్కెరను గడ్డ సరిగా పీల్చుకోదు. ఏదైనా తినగానే ఊరే ఇన్సులిన్ దాన్ని కండరాల్లోకి తోసేస్తుంది. అప్పుడు ఉన్న గడ్డ కూడా కనబడకపోవచ్చు. అందుకే సాధారణంగా చక్కెర 200 లోపు ఉంటేగాని పరీక్షకు ఒప్పుకోరు.

ఏమేమి జాగ్రత్తపడాలి?

పరీక్షకు ముందు కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు మంచినీళ్ళు తప్ప మరేమీ పనికిరాదు. టీ, కాఫీ, చప్పరించే తీపి బిళ్ళలు, తీపి దగ్గుమందు, ఏవీ కూడదు. ముందు రోజు బరువు పనులూ, పొలం పనులూ, వ్యాయామమూ మానాలి. పనిచేసిన కండరాలు కూడా చక్కెర తింటాయి. చలి తగలకుండా దుప్పటి తీసుకువెళ్ళాలి. చలికి కొందరి ఒంట్లో ఒక రకం కొవ్వు చక్కెరను లాగి, చిత్రాన్ని చెడగొడుతుంది.

షుగరు వ్యాధి ఉన్నవారు ఆ సంగతి తారీఖు తీసుకునేటప్పుడే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఎప్పుడు ఆపాలి, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలి అన్నది డాక్టరు చెప్పవలసిందే. సొంత తెలివి వద్దు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, మందులు పడనివారూ ముందే చెప్పాలి. పాత రిపోర్టులన్నీ వెంట ఉండాలి.

మరొక మాట. వెలుగు కనిపించినదంతా క్యాన్సరు కాదు. మెదడు ఎప్పుడూ వెలుగుతుంది. గుండె కూడా వెలగవచ్చు. మూత్రాశయంలోకి మందు దిగుతుంది గనుక అదీ వెలుగుతుంది. క్షయ, ఇతర వాపులూ వెలగవచ్చు. కొన్ని క్యాన్సర్లు ఈ చక్కెరకు లొంగనే లొంగవు. కనుక చిత్రం చూసి మనమే బెంబేలుపడరాదు.

రెండవసారి ముందు రోజు సాయంత్రమే సికింద్రాబాదు చేరి బంధువుల ఇంట్లో దిగాము. పొద్దున అక్కయ్య మంచినీళ్ళే తాగింది. చక్కెర 148. సూది వేసి, గంటసేపు మాట్లాడకుండా, కదలకుండా పడుకోమన్నారు. "నీకంటె నయం తమ్మీ, నేను మాట వింటున్న" అని నవ్వి లోపలికి పోయింది. తరువాత యంత్రంలో పడుకున్నది అరగంట.

రాత్రికి జనగామలో మా ఇంటికి వచ్చేసరికి, భూపాలపల్లి నుంచి మేనకోడలు ఎనిమిది నెలల బిడ్డతో వచ్చి ఉంది. "అమ్మమ్మ వచ్చింది" అంటూ బిడ్డను అందించబోయింది. అక్కయ్య రెండడుగులు వెనక్కి వేసి, "ఇయ్యాల వద్దు బిడ్డా, నా ఒంట్ల ఇంక మందున్నది" అన్నది. పరీక్ష అయిన రోజు పసిపిల్లలకూ, గర్భిణులకూ దూరంగా ఉండమని, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపారు. ఆ సూచన నేను గుర్తుచేయనక్కరలేకపోయింది. గుమ్మం అవతలి నుంచే మనవణ్ణి చూస్తూ కూర్చుంది. తెల్లవారి లేవగానే మొదట చేసిన పని వాణ్ణి ఎత్తుకోవడం.

రిపోర్టులో వెలుగు మెడలోనూ, చంకలోనూ మాత్రమే ఉన్నది. పొట్టలోకీ, ఎముకల్లోకీ పాకలేదు. మరుసటి వారం మందు మొదలుపెట్టారు. ఇప్పటికి నాలుగు విడతలు పూర్తయ్యాయి. మందు ఎంత పనిచేసిందో చూడడానికి వచ్చే నెల మళ్ళీ ఇదే పరీక్ష.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, ఇచ్చిన కాగితం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవండి. ఇంగ్లీషులో ఉంటే అక్కడివారినే తెలుగులో చెప్పమనండి. అడగడం నామోషీ కాదు. అడగకపోవడం వల్ల మాకు ఐదు రోజులు పోయాయి.

వచ్చే నెల కూడా జనగామలో వాళ్ళ పెట్టెలోకి ఎక్కుతాను. ఫ్లాస్కు ఉంటుంది. అందులో మంచినీళ్ళుంటాయి.