గుండె మీదికి వలస వచ్చిన పొర

గంగ, బ్రహ్మపుత్ర మైదానాల్లో, వరిచేల పక్కన పారే కాలువల్లో ఒక చిన్న చేప తిరుగుతుంటుంది. ఒంటి పొడవునా నీలి చారలు. ఎంత ఎదిగినా నాలుగైదు సెంటీమీటర్లే. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు గంగానది చేపల మీద 1822లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. జీబ్రాచేప అంటాం. ఇళ్లలో అక్వేరియాల్లోనూ కనిపిస్తుంది. 2002లో అమెరికాలో కెనెత్ పాస్, ఆయన సహచరులు ఈ చేప గుండెలో జఠరిక కొసను ఐదో వంతు దాకా కత్తిరించి, చేపను మళ్లీ నీళ్లలో వదిలారు. రెండు నెలల్లో పోయిన కండ తిరిగి మొలిచింది. మచ్చ దాదాపు మిగల్లేదు.

ఆ మొలిచిన కండ గురించే అందరూ చెప్పుకున్నారు. నాకు అంతకంటే అబ్బురంగా తోచేది ఆ కండను కప్పి ఉన్న పొర. దాని పేరు ఎపికార్డియం. ఒకే ఒక్క వరుస కణాలు, పక్కపక్కనే పరుచుకుని గుండెను చుట్టేస్తాయి. చేపకీ, కోడికీ, మనకీ ఇది ఉంది. కూరకు తెచ్చిన మేక గుండెను కడిగేటప్పుడు వేలికి నున్నగా తగిలే ఆ తడి మెరుపు ఈ పొరదే.

పిండంలో గుండె కొట్టుకోవడం మొదలుపెట్టేనాటికి ఈ పొర ఉండదు. అప్పటికి గుండె ఒక సన్నని గొట్టం: లోపల ఒక పలచని పూత, దాని మీద కండ, అంతే. బయటి పొర ఆ కండ నుంచే పుడుతుందని చాలాకాలం నమ్మారు. నిజానికి అది పుట్టేది గుండెకు అవతల. రక్తం గుండెలోకి వచ్చే ద్వారం దగ్గర, అప్పుడప్పుడే రూపు కడుతున్న కాలేయానికి ఆనుకుని, కొన్ని కణాలు గుత్తిగా ఉబ్బుతాయి. కోడిగుడ్డు పొదిగిన మూడో రోజున ఆ గుత్తి ముందుకు సాగి, గుండె వెనక భాగాన్ని అందుకుని వంతెన వేస్తుంది. ఎలుక పిండంలో అయితే కొన్ని కణాలు చిన్న బుడగల్లా విడిపోయి, తేలివచ్చి, గుండెను తాకగానే అంటుకుంటాయి.

జీబ్రాచేపలో జరిగేది ఇంకా చిత్రం. గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని చుట్టూ ఉన్న ద్రవం కదులుతుంది. ఆ కదలికే కణాలను కొట్టుకొచ్చి గుండె మీదికి చేరుస్తుంది. స్పెయిన్‌లో నాదియా మెర్కాదెర్ బృందం 2013లో దీన్ని చూపించింది. గుండె చప్పుడు ఆపేస్తే పొర ఏర్పడలేదు. తనను కప్పే కణాలను గుండె తన కొట్టుకోవడంతోనే పిలిపించుకుంటోందన్నమాట!

వచ్చినవన్నీ పైనే ఉండిపోవు. కొన్ని పక్క కణాల పట్టు విడిపించుకుని కండలోకి దిగుతాయి. అక్కడ కొన్ని ఫైబ్రోబ్లాస్టులై కండకు అల్లికనిస్తాయి. మరికొన్ని గుండె కండకు రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో కండర కణాలవుతాయి. కరోనరీ ధమనులు బృహద్ధమని నుంచి కొమ్మలేసుకుంటూ వచ్చాయన్న పాత నమ్మకాన్ని తకాషి మికావా, డొనాల్డ్ ఫిష్‌మన్ 1992లో కోడి పిండాల్లో వైరస్‌తో కణాలకు గుర్తులు పెట్టి కదిలించారు. ఆ ధమనుల గోడల్లోని కణాలు గుండె బయటినుంచి వచ్చినవేనని తేలింది. గుండెపోటు వేళ పూడుకుపోయే నాళాల గోడల్లో ఈ వలస కణాల సంతతి ఉంది.

గుండె కండను పెంచేది కూడా ఈ పొరే. విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసి, పెరగమనే సంకేతాలు కిందికి పంపిస్తుంది. ఈ పొర సరిగా ఏర్పడని ఎలుక పిండాల్లో గుండె గోడ పలచగానే ఉండిపోయి, అవి తల్లి కడుపులోనే చనిపోతాయి.

ఇక గాయం దగ్గరికి వద్దాం. చేప గుండె కొస తెగిన ఒకటి రెండు రోజుల్లోనే, తెగిన చోటే కాదు, గుండె చుట్టూతా ఈ పొర మేలుకుంటుంది. పిండ దశలో పనిచేసి ఊరుకున్న జన్యువులు మళ్లీ పలుకుతాయి. తర్వాత అది గాయం వైపు చేరి, దాన్ని కప్పి, కండకు సంకేతాలు పంపుతుంది. 2015లో పాస్ ప్రయోగశాలలోని జిన్హూ వాంగ్ బృందం ఈ పొర కణాలనే చంపేసి చూసింది. కండ మొలవడం కుంటుపడింది. ఆ తర్వాత చూసినవాళ్ల కళ్లెదుటే పొర తనను తాను తిరిగి కట్టుకుంది. రక్తం బయటికి వెళ్లే గొట్టం దగ్గర మొదలై, కాగిన పాల మీద మీగడ కట్టినట్టు, అంచు జరుపుకుంటూ కొస దాకా పరుచుకుంది.

ఆ అంచును దగ్గరగా చూడాలి. ముందు నడిచే కణాలు మామూలు కణాలకంటే బాగా పెద్దవి. వెనకున్న పొరనంతా లాగుతున్న బిగువుకు అవి రెండుగా చీలలేకపోతాయి. డీఎన్ఏ మాత్రం పెరుగుతూ పోతుంది, కొన్నింటిలో ఒకటికి మించి కేంద్రకాలుంటాయి. వాటి వెనక చిన్న కణాలు మామూలుగా విభజన చెందుతూ ఖాళీని నింపుతాయి. గుండె మొత్తం కప్పడం పూర్తయ్యాక, ముందు నడిచిన ఆ పెద్ద కణాలు చనిపోతాయి. వాటి చోటులో చిన్న కణాలే మిగులుతాయి. పొర మళ్లీ సమంగా, పలచగా, ఏమీ జరగనట్టే ఉంటుంది.

మరి మన సంగతి? పుట్టి ఒక్క రోజైన ఎలుకపిల్ల గుండె కొస కత్తిరిస్తే అది కూడా చేపలాగే పెంచుకుంటుందని డల్లాస్ శాస్త్రవేత్తలు 2011లో చూపించారు. వారం తిరిగేసరికి ఆ శక్తి పోతుంది. పెద్దయిన గుండెలోనూ గాయానికి ఈ పొర కదులుతుంది. కానీ అక్కడ ఎక్కువగా తయారయ్యేది మచ్చ. ఆ మచ్చ గుండె పగలకుండా కాపాడుతుంది, కొట్టుకోవడం మాత్రం దానికి చేతకాదు. ఈ పొర ప్రొటీన్లలో ఒకటైన ఎఫ్ఎస్‌టీఎల్1ని కొల్లాజెన్ అతుకులో పెట్టి ఎలుకల, పందుల గుండెల మీద అతికిస్తే మేలు జరిగిందని 2015లో ప్రకటించారు. మూలకణాల నుంచి పెంచిన మానవ ఎపికార్డియం కణాలను గుండె కండర కణాలతో కలిపి ఎలుక గుండెలో నాటితే ఆ కండ మరింత బాగా ఎదిగిందని 2019లో కేంబ్రిడ్జ్ బృందం చెప్పింది. నేను వీటి మీద గట్టి ఆశే పెట్టుకున్నాను. అయితే ఇవి ఇంకా జంతువుల మీది ప్రయోగాలే, ఆసుపత్రిలో దొరికే వైద్యం కాదు.

స్వీడన్‌లో 2009లో వేసిన లెక్క ప్రకారం పాతికేళ్ల మనిషి గుండె ఏడాదికి తన కండర కణాల్లో ఒక్క శాతాన్నే కొత్తగా చేసుకుంటుంది. డెబ్బై అయిదేళ్లకు అది అర శాతంలోపే. అందుకని ఛాతీలో బరువుగా పట్టేసి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. నాళం పూడుకున్న ప్రతి నిమిషమూ కండ చనిపోతూనే ఉంటుంది.