హృదయానికి కరిగిపోయే పరంజా

చేతికి తగిలిన కోత వారం రోజులలో మానుతుంది. విరిగిన ఎముక కొన్ని నెలలలో అతుకుతుంది. హృదయానికి మాత్రం ఆ భాగ్యం లేదు. రక్తనాళం పూడిపోయి గుండెపోటు వచ్చినప్పుడు 100 కోట్ల వరకు కండర కణాలు మరణించవచ్చు. వాటి స్థానంలో గట్టి మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ గుండెను చిట్లిపోకుండా కాపాడుతుంది కాని, సంకోచించలేదు. మిగిలిన కండరమే ఆ భారాన్నీ మోస్తూ క్రమంగా అలసిపోతుంది.

హృదయంలో కొత్త కండర కణాలు అసలు పుట్టవని శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. అణ్వస్త్ర పరీక్షల వలన వాతావరణంలో పెరిగిన కార్బన్-14 మానవ శరీరాలలోనూ చేరింది. దాని ఆధారంగా 2009లో స్వీడన్ పరిశోధకులు కణాల వయస్సును లెక్కగట్టారు. 25 ఏళ్ల వయస్సులో ఏటా సుమారు 1 శాతం, 75 ఏళ్ల వయస్సులో 0.45 శాతం కణాలు కొత్తగా ఏర్పడుతున్నాయని తేల్చారు. పునరుత్పత్తి శక్తి ఉన్నది, అది చాలదు.

ఇల్లు కట్టే మేస్త్రీలు పరంజా కట్టి, పని ముగియగానే విప్పివేస్తారు. కొత్త కణాలు నిలదొక్కుకోవడానికి గుండెలో అమర్చే ఆధారమూ అటువంటిదే. అయితే దానిని విప్పడానికి మరల శస్త్రచికిత్స చేయడం ప్రమాదకరం. కనుక అది తనంతట తానే కరిగిపోవాలి. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు గ్లిసరాల్‌తోను, సెబాసిక్ ఆమ్లంతోను తయారైన సాగే పాలిమరును తేనెపట్టు వంటి గదులుగా, హార్మోనియం తిత్తి మడతల వలె మలిచారు. హృదయ కండరం అన్ని దిక్కులా సమానంగా సాగదు. ఆ మడతలు ఆధారానికి ఆ గుణాన్నే ఇచ్చాయి. దానిపై పెంచిన ఎలుక పిల్లల హృదయ కణాలు విద్యుత్ ప్రేరణకు స్పందించాయి. పరిశ్రమలలో సెబాసిక్ ఆమ్లాన్ని ఆముదం నుండే తీయడం విశేషం.

మరి కరిగినది ఏమవుతుంది? పాలిలాక్టిక్ ఆమ్లం అనే మరొక పాలిమరు శరీరంలోని నీటి ప్రభావంతో తెగి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. 1780లో షీలే పులిసిన పాల నుండి వేరుచేసినది, మన పెరుగుకు పులుపునిచ్చేది ఇదే. శరీరంలో ఇది లాక్టేట్ రూపంలో ఉంటుంది. శ్రమించిన కండరాల వ్యర్థంగా దీనిని చాలాకాలం చిన్నచూపు చూశారు. నిజానికి హృదయం దీనిని ఇంధనంగా వాడుకుంటుంది. గర్భస్థ శిశువు హృదయానికి గ్లూకోజు, లాక్టేట్‌లే ప్రధాన ఆధారం. పుట్టిన తరువాత ఆ హృదయం కొవ్వు ఆమ్లాల వైపు మళ్లుతుంది. ఇంచుమించు అదే కాలంలో కణాలు విభజనను మానుకుంటాయి.

ఈ సంబంధమే పరిశోధకులను ఆకర్షించింది. బార్సిలోనా పరిశోధకులు అప్పుడే పుట్టిన ఎలుకల హృదయ కణాలను లాక్టేట్ అధికంగా ఉన్న ద్రావణంలో పెంచగా వాటి కణచక్రం చురుకైనట్లు 2022లో ప్రకటించారు. అంటే పరంజా కరుగుతూ విడిచే పదార్థమే కణాలకు సంకేతం కావచ్చు.

ఇది గాజు పాత్రలో లభించిన ఫలితం మాత్రమే. ఆధారం త్వరగా కరిగితే ఆమ్లం పేరుకొని వాపు కలుగుతుంది. మరీ ఆలస్యమైతే తగినంత లాక్టేట్ అందదు. పైగా విభజన చెందే కణం కొంతకాలం సంకోచ శక్తిని కోల్పోతుంది. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే గుండెకు మరమ్మతు వేళ కూడా విరామం దొరకదు.