ఎరువుగొయ్యి పక్కన బడి



మొన్న ఒక గ్రామంలో బడి ఆవరణలో కూరగాయల మడులు వేద్దామని మాట ఎత్తాను. వెంటనే ఒక పెద్దాయన లేచి, “బాబూ, మట్టి అంటకుండా బ్రతకాలనే గదా పిల్లవాణ్ణి బడికి పంపుతున్నాను? అక్కడ కూడా పార పట్టిస్తే ఇంక చదువెందుకు?” అన్నాడు. ఆ మాటలో ఆయన రెక్కల కష్టం ఉన్నది. అందుకని తోసివేయలేదు. ఈ వేళ దానికి జవాబు చెప్పుకుందాం.

మహారాష్ట్రలో వార్ధా దగ్గర సేగాఁవ్ అనే పల్లెకు 1936లో గాంధీగారు కాపురం వచ్చారు. 1940లో దాని పేరు సేవాగ్రామ్ అయింది. ఉదయం, సాయంత్రం అన్ని మతాల ప్రార్థనలు జరిగే ఆశ్రమం అది. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో విద్యాసభ జరిగింది. ఏడేండ్లపాటు ఉచితంగా, మాతృభాషలో చదువు చెప్పాలనీ, ఆ చదువు ఒక చేతిపని చుట్టూ అల్లుకోవాలనీ ఆ సభ తీర్మానించింది. డాక్టర్ జాకీర్ హుస్సేన్‌గారి అధ్యక్షతన ఒక సంఘం పాఠ్యక్రమం తయారుచేసింది. దీన్నే నయీ తాలీమ్ అన్నారు. సేవాగ్రామ్‌లో ఆ పనిని సింహళంనుంచి వచ్చిన ఆర్యనాయకంగారు, ఆయన సతీమణి ఆశాదేవిగారు నడిపించారు. వడకడం, సేద్యం, వంట, శుభ్రం చేయడం అన్నీ పిల్లలు గురువులతో కలిసి చేసేవారు. పనిలో ఎక్కువ తక్కువలు లేవన్నదే అక్కడి భక్తి, అక్కడి పాఠం. ఆ బడి మధ్యలో ఆగిపోయినా, 2005లో అదే ఆవరణలో ఆనంద్ నికేతన్ పేరుతో మళ్లీ మొదలయింది.

పనిలో చదువెలా వస్తుందంటారా? ఎరువుగొయ్యినే తీసుకోండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. ఎన్ని ఘనపుటడుగులు? 72. లెక్క వచ్చింది గదా! అందులో ఆకులలములు జానెడు మందాన పరచి, పేడనీళ్లు చల్లి, పైన పలుచగా మట్టి వేయాలి. ఇలా వరుస మీద వరుస నింపాలి. కొన్నాళ్లకు కర్ర గుచ్చి తీసి ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఎందుకు? కంటికి కనపడని సూక్ష్మజీవులు చెత్తను తింటున్నవి. ఇది ప్రకృతి శాస్త్రం. పిడికిట పిండితే తడి తగలాలి, నీళ్లు కారకూడదు. నెలకొకసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలల్లో నల్లని ఎరువు చేతికొస్తుంది.

విత్తనం సంగతీ అంతే. నూరు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, ఆరిపోకుండా చూసి, మొలకలు లెక్కపెట్టాలి. 80 మొలిస్తే నూటికి 80 అన్నమాట. పిల్లవాడు ఈ విద్య ఇంటికి తెస్తే, మొలవని విత్తనం పొలాన పోసే నష్టం తండ్రికి తప్పుతుంది.

అయితే ఒక హెచ్చరిక. పిల్లలు చేసిన సరుకు అమ్మి బడి గడుపుకోవాలన్న మాటమీద 1937లోనే వాదోపవాదాలు జరిగాయి. బడి కాస్తా కార్ఖానా అవుతుందని కొందరు భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదు. ఇంటివారికి సాయపడినా బడివేళ పోగా, ప్రమాదం లేని పనిలోనే. కనుక తోటి సిబ్బంది ఈ అయిదూ గుర్తుంచుకోవాలి. రోజుకు గంట దాటరాదు. పురుగుమందు డబ్బా పిల్లల దరికి రారాదు. ఆడపిల్ల, మగపిల్లవాడు, ఏ కులంవాడైనా అన్ని పనులూ వంతులవారీగా చేయాలి. పంతులుగారూ నడుం వంచాలి. పండిన కూర ఆ పిల్లల మధ్యాహ్న భోజనంలోకే వెళ్లాలి.

ఆ పెద్దాయనతో నేనన్నది ఇంతే: “మీ వాడు గుమాస్తా కానివ్వండి, డాక్టరు కానివ్వండి. తినే అన్నం ఎలా వచ్చిందో తెలిసినవాడు మట్టి పట్టిన మీ చేతులు చూసి సిగ్గుపడడు.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే, ఒక మడి వేసి చూడండి. గంట దాటిందో, నేనే వచ్చి ఆపుతా” అన్నాడు. ఆ షరతుకు ఒప్పుకున్నాను. మీ ఊళ్లో కూడా ఒక్క మడితోనే మొదలుపెట్టండి. కాపలాకు అలాంటి పెద్దాయనను ఒకరిని పెట్టుకోండి.

ఇక శలవు.