మన మండలంలనే అన్ని రకాల సర్కార్లు ఉన్నయ్

గ్రూప్స్‌కు చదువుతున్న మా చిన్నాయన కొడుకు మొన్న పుస్తకం పట్టుకొని వచ్చిండు. "అన్నా, పార్లమెంటరీ అంటే బ్రిటన్, ప్రెసిడెన్షియల్ అంటే అమెరికా అని బట్టీ కొట్టిన. గని అసలు తేడా ఏందో సమజ్ అయితలేదు" అన్నడు. అమెరికా దాక ఎందుకురా, మన సర్పంచును చూడు, మండలాఫీసుల కూసునే ఎంపీపీని చూడు అన్న నేను.

సర్పంచుకు మనమే నేరుగ ఓటేస్తం. వార్డు మెంబర్లను వేరేగ ఎన్నుకుంటం. మెంబర్లల్ల ఎక్కువమంది ఎదురుపార్టోళ్లే గెలిచినా సర్పంచు కుర్చీ కదలదు. వాళ్లంత కలిసి అవిశ్వాసం పెట్టి దించే వీలు లేదు. అమెరికా ప్రెసిడెంటుది గూడ దగ్గర దగ్గర గిదే కథ. తప్పు చేసిండని రుజువు చేసి తీసెయ్యొచ్చు గని, నచ్చలేదని తీసెయ్యలేరు. ఫరక్ ఎక్కడంటే, అక్కడ ఆ పని ప్రజలు గెలిపించిన సభలు చేస్తయ్. ఇక్కడ కలెక్టర్ చేతుల ఉన్నది. మనం ఓటేసినాయనను, మనం ఓటెయ్యని ఆఫీసరు తీసెయ్యొచ్చు. నాకైతే ఇది ఎప్పుడూ మింగుడు పడది.

ఎంపీపీ ముచ్చట వేరే. మనం ఎంపీటీసీకి ఓటేస్తం. ఎంపీటీసీలు వాళ్లలకెల్లే ఒకల్ని ఎంపీపీ చేస్తరు, మెజారిటీ పోతే అవిశ్వాసం పెట్టి దించుతరు. ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి ఉండేది గూడ గిట్లనే. ఎంపీపీ ఎన్నికకు ముందు ఎంపీటీసీలను బస్సెక్కించి క్యాంపులకు ఎందుకు తీస్కపోతరో ఇప్పుడు తెలిసిందా? సర్పంచు ఎన్నికల ఊరు మొత్తాన్ని బస్సెక్కించలేరు కదా. ఊరి సర్పంచును ఎట్ల ఎన్నుకోవాల్నో రాజ్యాంగం 243సి రాష్ట్రాలకే వదిలేసింది. మండలం, జిల్లా అధ్యక్షులను మాత్రం సభ్యులే ఎన్నుకోవాలని తేల్చి చెప్పింది.

మూడోది గ్రామసభ. ఇందుల ప్రతినిధి అనేటోడే లేడు, ఓటరు లిస్టుల పేరున్న ప్రతి మనిషీ సభ్యుడే. స్విట్జర్లాండ్‌ల గ్లారస్ అనే చోట ఇప్పటికీ జనం మైదానంల జమై, చెయ్యెత్తి చట్టాలు చేస్తరు. మన 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. నేను పోయిన సభలు చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇరవై మంది వస్తరు, రిజిస్టర్ మాత్రం తర్వాత ఇల్లిల్లు తిరిగి సంతకాలతోని నిండుతది.

ఇంక పుస్తకాలల్ల కనబడే పేరు అరిస్టాటిల్. సుమారు 2300 ఏండ్ల కింద ఆయన రెండు ప్రశ్నలు అడిగిండు. ఎంతమంది ఏలుతున్నరు? ఎవరి లాభం కోసం ఏలుతున్నరు? ఒక్కడు అందరి మేలు కోసం ఏలితే రాచరికం, సొంతానికి ఏలితే నిరంకుశం. కొంతమంది సొంత లాభానికి ఏలితే దానికి ఆయన పెట్టిన పేరు ఆలిగార్కీ. అక్కడ అసలు సంగతి తలల లెక్క కాదు, పైసలున్నోళ్ల పాలన కావడమే అని గూడ చెప్పిండు. సర్పంచు పదవిని గుడి దగ్గర వేలం పాట పాడి, "ఏకగ్రీవం" అని దండలేస్తున్న ఊర్లను ఇప్పుడు ఏ గూట్ల పెడ్తవో నువ్వే చూస్కో. కాయితం మీద అది ప్రజాస్వామ్యమే. గుడికి పైసలొచ్చినయ్ అని సంబురపడేటోళ్లు మా చుట్టాలల్లనే ఉన్నరు, వాళ్లతోని నాకు పంచాయితీ తెగలే.

పేరు చూసి మోసపోవద్దు. బ్రిటన్‌ల రాజున్నడు గని ఏలేది ఓట్లతోని గెలిచినోళ్లు. ఉత్తర కొరియా పేరుల "ప్రజాస్వామ్య", "ప్రజల", "గణతంత్ర" మూడు మాటలూ ఉన్నయ్, ఏలేది ఒక్క కుటుంబం. అంతెందుకు, మన హైదరాబాద్ సంస్థానమే చూడు. 1911 నుంచి 1948 దాక మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాటే చట్టం. పోలీస్ యాక్షన్ తర్వాత జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగ ఏలిండు. 1950ల ఐసీఎస్ ఆఫీసరు వెల్లోడిని తెచ్చి ముఖ్యమంత్రిని చేసిండ్రు, ఆయనకు ఒక్కడు గూడ ఓటెయ్యలే. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు వచ్చిండు. గమ్మతి ఏందంటే, 1950 నుంచి 1956 దాక రాజప్రముఖ్ అనే పేరుతోని పైన కూసున్నది అదే నిజాం. మనిషి ఒక్కడే, ఆయన చేతుల అధికారమే పోయింది.

ఇది పాత ముచ్చట అనుకోకుండ్రి. 2019ల గెలిచిన సర్పంచుల గడువు 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది. ఐదేండ్లు నిండకముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243ఇ చెప్తది. పెట్టలే. 2025 డిసెంబర్ దాక ఊర్లల్ల స్పెషల్ ఆఫీసర్లదే పాలన. వాళ్లల్ల మంచోళ్లు లేరని కాదు. గని ఆయనకు సొంత ఆఫీసు పని ఉండె, పైనుంచి మా ఊరు అదనం. వీధిలైటు పోతే ఎవలింటికి పోయి అడగాల్నో తెల్వకపోయె. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఇస్తమనే షరతుతోని కేంద్రం ఆర్థిక సంఘం పైసలు గూడ ఆగె. అదంత ఏం రకం సర్కారు అంటే, 1950ల వెల్లోడి సర్కారు అసొంటిదే అంట నేను.

తమ్ముడు అంత ఇన్నడు. "మరి పరీక్షల గిట్ల రాస్తే మార్కులు పడ్తయా?" అన్నడు. పరీక్షల బ్రిటన్, అమెరికా అనే రాయిరా అన్న. పొయ్యేటప్పుడు మాత్రం, వచ్చే గ్రామసభ ఏ తారీకో పంచాయతీ సెక్రటరీని అడిగి చెప్తన్నడు.