ఒక్కదాని విలువ

అంగడికి వెళ్ళినవారు ముందుగా వెల అడుగుతారు. అయితే వెల తెలిసినంతమాత్రాన వస్తువు చవకో, ప్రియమో తేలదు. ఎంత పరిమాణానికి ఆ వెల చెల్లిస్తున్నామో కూడా తెలియాలి. మొత్తం వెలను మొత్తం పరిమాణంతో భాగిస్తే ఒక్క కిలోకో, ఒక్క లీటరుకో ఎంత పడుతుందో తెలుస్తుంది. దానినే యూనిట్ ధర అంటారు. ఈ విధంగా లెక్కించడాన్ని ఏకవస్తు పద్ధతి అని వ్యవహరిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక దుకాణంలో 250 గ్రాముల టీపొడి పొట్లం వెల 95 రూపాయలు, 400 గ్రాముల పొట్లం వెల 160 రూపాయలు. పెద్ద పొట్లం కొంటే కలిసివస్తుందని చాలామంది నమ్మకం. లెక్కించి చూస్తే 100 గ్రాములకు మొదటిది 38 రూపాయలు, రెండవది 40 రూపాయలు పడుతుంది. ఇక్కడ చిన్న పొట్లమే చవక.

ఈ లెక్క మన పూర్వులకు కొత్త కాదు. ఆర్యభటుడు ‘ఆర్యభటీయం’లో త్రైరాశిక సూత్రాన్ని చెప్పాడు. తొమ్మిదో శతాబ్దివాడైన మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో దానికి ఒక ప్రకరణాన్నే కేటాయించాడు. ఆ సంస్కృత గ్రంథాన్ని పావులూరి మల్లన పద్యాలలో తెనిగించాడు. త్రైరాశికంలో తెలిసిన పరిమాణం ‘ప్రమాణం’, దాని వెల ‘ఫలం’, మనం కోరే పరిమాణం ‘ఇచ్ఛ’. ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చించి ప్రమాణంతో భాగిస్తే కోరిన పరిమాణానికి వెల వస్తుంది. ఇచ్ఛ ఒకటి అయినప్పుడు లభించేదే యూనిట్ ధర.

పొట్లం వెల మారకుండానే సరకు ప్రియం కావచ్చు. పది రూపాయల బిస్కెట్ల పొట్లంలో 60 గ్రాములకు బదులు 50 గ్రాములే ఉంచితే, కొనేవారిపై భారం 20 శాతం పెరిగినట్లే. పొట్లాలపై యూనిట్ ధరను కూడా ముద్రించాలని కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలను సవరించింది. కిలోకు తక్కువ తూగే వాటిపై గ్రాము ధర, కిలోకు మించిన వాటిపై కిలో ధర తెలపాలి. కనుక పోల్చే ముందు రెండింటినీ ఒకే కొలతలోకి మార్చుకోవాలి. గ్రాము 40 పైసలంటే కిలో 400 రూపాయలన్నమాట.

శ్రమ విలువను తెలుసుకోవడానికీ ఈ పద్ధతే ఆధారం. ఎనిమిది గంటల పనికి 600 రూపాయలు ఇస్తే గంటకు 75 రూపాయలు. పది గంటల పనికి 660 రూపాయలు ఇస్తే గంటకు 66 రూపాయలే. రెండవ కూలి పెద్దదిగా కనిపించినా, గంట శ్రమకు దక్కే ప్రతిఫలం తక్కువ.

ఏ రోజు కూలితో ఆ రోజు సరకులు తెచ్చుకునే కుటుంబాన్ని తలచుకుంటే ఈ లెక్క ప్రయోజనం బోధపడుతుంది. కిలో కందిపప్పు 160 రూపాయలు, 100 గ్రాముల పొట్లం 18 రూపాయలు అనుకుందాం. చిన్న పొట్లాలు కొనేవారికి కిలో 180 రూపాయలు పడుతుంది. నెలకు ఐదు కిలోలు వాడితే ఏడాదికి 1,200 రూపాయలు అదనంగా పోతాయి. ఇది వారి తెలివితక్కువతనం కాదు. ఒకేసారి పెట్టడానికి చేతిలో సొమ్ము లేకపోవడమే కారణం. ఇరుగుపొరుగువారు కలిసి కొని పంచుకుంటే ఆ సొమ్ము పిల్లల పుస్తకాలకు అక్కరకు వస్తుంది. పాఠశాలలో నేర్చిన భాగహారం అలా ఒక కుటుంబానికి ఆసరా అవుతుంది.