లేక్ వ్యూ రోడ్డులో చెరువేది?

'నీకిష్టమైన అంశం మీద ప్రాజెక్టు చేసుకురా' అని ఐదో తరగతి పిల్లలకు చెప్పి పంపుతాం. రెండు వారాల తర్వాత ఏం వస్తుందో మనకు ముందే తెలుసు. డైనోసార్లు, సౌరమండలం, తాజ్‌మహల్. స్టేషనరీ అంగట్లో కొన్న బొమ్మల చార్టు, కింద నెట్‌లోంచి దించిన రెండు పేరాలు, అమ్మ చేతిరాతలో శీర్షిక. 'ఇందులో నీకు ఆశ్చర్యమనిపించింది ఏంటి నాన్నా?' అని అడిగితే పిల్లవాడు అమ్మ ముఖం చూస్తాడు.

వాడిని అనడానికి లేదు. సౌరమండలం గురించి పదేళ్ల వాడు తనంతట తాను కనుక్కోగలిగేది ఏముంటుంది? ఎవరో రాసింది ఎత్తి రాయడం తప్ప దారి లేదు.

పశ్చిమ మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినా చెరువు కనపడదు. మరి ఆ పేరెందుకు? పదేళ్ల పిల్లకు అందే ప్రశ్న ఇలా ఉండాలి. ఒక్క వాక్యంలో ఇమడాలి. జవాబు కోసం నాలుగడుగులు నడవాలి, నలుగురినీ అడగాలి.

జవాబు పెద్దల్లో కొందరికి తెలిసిందే. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు పొడవుగా పరుచుకున్న చెరువొకటి ఉండేది. ఇంగ్లీషు పటాల్లో దాని పేరు లాంగ్ ట్యాంక్. ఊరు పెరిగి ఇళ్లకు చోటు చాలక 1920లలో మాంబలం వైపు భాగాన్ని పూడ్చి కొత్త పేట వేశారు. అదే త్యాగరాయనగర్, మన టి.నగర్. ఆ త్యాగరాయలు తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. నడుమ ఉన్న పానగల్ పార్కు పేరు మరో తెలుగువారిది, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా రామరాయణింగారిది. నుంగంబాక్కంలో చెరువు ఉన్న చోట 1976లో వళ్లువర్ కోట్టం లేచింది. అక్కడ కూడా 'లేక్ ఏరియా', 'ట్యాంక్ బండ్ రోడ్డు' అన్న పేర్లు మిగిలాయి, చెరువు మిగల్లేదు.

ఇదంతా పిల్లలకు ముందే చెప్పేస్తే ప్రాజెక్టు అక్కడే ఆగిపోతుంది. తెలిసీ నోరు మెదపకుండా ఉండటమే మాకు అన్నిటికన్నా కష్టమైన పని.

అంశం ఎంపిక ఇలా సాగొచ్చు. 'నీళ్ల గురించి చేస్తాను మిస్' అంటుంది ఒక పాప. నీళ్ల గురించి ఏం? 'వానొస్తే మా వీధిలో మోకాళ్ల దాకా వస్తాయి మిస్.' అన్ని వీధుల్లోనూ అంతేనా? 'లేదు, వెనక వీధిలో రావు.' ఎందుకని? 'తెలీదు మిస్.' అక్కడ ఆగాలి. ఆ 'తెలీదు' అన్నదే అంశం. దాని చుట్టూ నాలుగైదు ప్రశ్నలు పాపతోనే రాయించి, ఫోనులో నిమిషంలో దొరికేవాటిని కొట్టేయించాలి. మిగిలింది ఒక్కటే అయినా చాలు.

తర్వాత వెతుకులాట. చెన్నై తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. అమ్మమ్మను తెలుగులో అడుగుతారు. వీధి మొగన ఇస్త్రీ బండి తాతను తమిళంలో అడుగుతారు. పాత పటం ఇంగ్లీషులో చదువుతారు. మూడింటినీ తెలుగులో రాసుకోవాలి. తాత 'ఏరి' అంటే చెరువని, 'కుళం' అంటే కొలనని రాసేటప్పుడు పిల్లలు పదం కోసం నిజంగా వెతుక్కుంటారు. 2006 చట్టంతో తమిళం మొదటి భాషగా తప్పనిసరై, తెలుగు ఐచ్ఛికంగా మిగిలిన బడుల్లో పిల్లలకు తెలుగుతో అవసరం పడే సందర్భాలు ఎన్ని? మార్కుల కోసం రాసే తెలుగు వేరు, తాత మాట పోకుండా పట్టుకోవడానికి రాసే తెలుగు వేరు.

అందుకే మొదటి చిత్తుప్రతి మీద ఎర్ర సిరా వద్దు. మేమూ ఆ తప్పు చేశాం. ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది పుస్తకమంతా ఎర్రగా చేసి ఇచ్చాం. మరుసటి వారం ఆ పిల్లవాడు నెట్‌లోంచి తీసిన ఇంగ్లీషు కాగితం తెచ్చాడు. అందులో ఒక్క తప్పూ లేదు.

ఒకరు చెప్పింది ఇంకొకరితో కలవదు. 'నా చిన్నప్పుడు అక్కడ నీళ్లు చూశాను' అంటారు తాత. 1920లలోనే పూడ్చారంటుంది పుస్తకం. తాత అబద్ధం చెప్పారని పిల్లలు తేల్చేయకూడదు. ఆయన చూసింది మిగిలిన ఇంకో ముక్క కావచ్చు. రెండూ రాసి, ఏది ఎవరి మాటో పక్కన గుర్తు పెట్టిస్తే చాలు. పెద్ద తరగతుల్లో కూడా కొందరికి పట్టుబడని అలవాటిది.

గ్రంథాలయానికి ప్రశ్నతోనే వెళ్లాలి. కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగం ఉంది. ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా, దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. తెలుగు పుస్తకాలూ అక్కడికి చేరతాయి.

ఇంట్లోవారు చేయాల్సింది తక్కువే. వీధిలో తోడు నడవండి. ఎవరినైనా అడిగే ముందు 'మీరు చెప్పేది రాసుకోవచ్చా తాతా?' అని మర్యాదగా అడగడం నేర్పండి. పెన్ను మాత్రం ముట్టుకోకండి. చార్టు చూడకుండా ఐదు నిమిషాలు చెప్పగలిగితే ఆ ప్రాజెక్టు పిల్లలదే.

మాంబలం దాకా రావక్కర్లేదు. ఉత్తర చెన్నై వారికి యానైకవుని ఉంది. అక్కడ ఏనుగులేవి? 'కవుని'కీ మన 'గవిని'కీ చుట్టరికమేమిటి? మింట్ వీధిలో నాణేలు ఎక్కడ ముద్రించారు? మద్రాసు పుట్టినరోజుగా జరుపుకునే ఆగస్టు 22 (1639లో కుంపిణీకి ఇక్కడ స్థలం దక్కిన రోజది) తరగతిలో చదివి వినిపించడానికి మంచి గడువు.

వీధిలో నీళ్ల సంగతి ఎంచుకున్న పాపకు మాత్రం ఆగస్టు చాలదు. 2015 డిసెంబరులో, 2021 నవంబరులో ఇంట్లోకి ఎంతవరకు వచ్చాయో పెద్దలను అడిగి గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసుకోవాలి. మూడో గీత కోసం అక్టోబరు వానల దాకా ఆగాలి.