వాగు లోతైతే బావి ఎండుతుంది

ఏర్గట్ల! ఈ ఊరి పేరు ఒకసారి పైకి పలికి చూడండి. ఏరు వినబడుతుంది, గట్టు వినబడుతుంది. ఊళ్ల పేర్ల పుట్టుక సంగతి భాషా పండితులకు వదిలేద్దాం. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు వైపున్న ఈ ఊరు 2016లో మండల కేంద్రమైంది. ఇక్కడి పేరున్న పంట పసుపు. జూన్‌లో విత్తనం పెడితే తవ్వేది సంక్రాంతి దాటాకే. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండే పంట ఇది. వానలేమో అక్టోబరుతో వెళ్లిపోతాయి. ఆ తర్వాత దాని దాహం తీర్చేదెవరు? కాలువ నీరు అందని చోట బావి, లేదా బోరు. తవ్విన పసుపును ఉడకబెట్టడానికి కూడా నీళ్లే కావాలి.

మరి ఆ బావికి నీళ్లెక్కడివి? వాన నీరు నేలలోకి ఇంకి, మొరంలోనూ ఇసుకలోనూ నిలిచి, బావిలోకి ఊరుతుంది. ఈ సంగతి మీకు తెలుసు. అయితే అదే నీరు వాగులోకి కూడా ఊరుతుందని ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. వెడల్పాటి బేసిన్‌లో ఇసుక నింపండి. మధ్యలో గ్లాసు పట్టేంత గుంట తియ్యండి. ఇది మన బావి. ఇసుక మీద నెమ్మదిగా నీళ్లు పొయ్యండి. కాసేపటికి గుంటలో నీరు కనబడుతుంది. ఇప్పుడు గుంటకు నాలుగు వేళ్ల దూరంలో వేలితో ఒక చాలు గియ్యండి. ఇది వాగు. చాలు పైపైన ఉన్నంతసేపు గుంటలో నీరు కదలదు. చాలును గుంటలోని నీటి మట్టం కంటే లోతుగా తవ్వి, బేసిన్‌ను కొంచెం వాల్చండి. నీరు చాలులోకి ఊరి పారిపోతుంది, గుంటలో మట్టం దిగిపోతుంది. మీరు గుంటను ముట్టుకోనేలేదు!

పొలాల్లో జరిగేదీ ఇదే. అడుగు మీదికి ఉన్న వాగు చుట్టుపక్కల నేలకు నీరు పెడుతుంది. అడుగు లోతుకు దిగిన వాగు ఆ నేలలోని నీటిని తోడేస్తుంది. మీ తాతగారి చిన్నప్పుడు ఎండాకాలంలో వాగు ఇసుకలో మోచేయి లోతు చెలిమె తీస్తే నీళ్లు వచ్చేవేమో అడగండి. ఇప్పుడు ఎంత లోతు తియ్యాలో కూడా అడగండి. వాగు ఎంత దిగిందో ఆ రెండు జవాబులను బట్టి మీకే కొంత తెలుస్తుంది.

వాగు ఎందుకు దిగుతుంది? ఇసుక ఎత్తుకుపోవడం ఒక కారణం. ఒడ్డు చెట్లు కొట్టి, అంచు దాకా దున్నడం ఇంకొకటి. వీటి వల్ల అడుగున ఎక్కడో ఒకచోట చిన్న మెట్టు ఏర్పడుతుంది. మీరు చిన్న వాగు వెంట నడిస్తే ఈ మెట్టును తప్పక చూస్తారు. చిన్న వాగును ఇక్కడ ఒర్రె అంటారు. ఒర్రెలో సాఫీగా వస్తున్న నేల ఒక్కసారిగా జానెడో మూరెడో కిందికి తెగి ఉంటుంది. వాన వచ్చినప్పుడు నీరు దాని మీద నుంచి దూకి, కింద గుంట తవ్వి, మెట్టు పాదాన్ని తొలిచేస్తుంది. పాదం పోయాక పై అంచు విరిగి పడుతుంది. దాంతో మెట్టు కొంచెం ఎగువకు జరుగుతుంది. తర్వాతి వానకు ఇంకొంచెం. నీరు దిగువకు పారుతుంటే మెట్టు ఎగువకు నడుస్తుందన్న మాట! అది నడిచిన దారి పొడుగునా వాగు అంత మేర లోతవుతుంది. వాగుల జబ్బుల్లో దీనికి మించినది లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది తనంత తాను ఆగదు, గట్టి బండ తగిలితే తప్ప.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. రాయి మీద నీటి తోపుడు నీటి వేగపు వర్గాన్ని బట్టి, రాయి ముఖ వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. వైశాల్యమంటే రాయి అడ్డుకొలతకు వర్గం. రాయి బరువు మాత్రం అడ్డుకొలతకు ఘనం. ఈ రెండింటినీ సమానం చేస్తే, నీరు కదల్చగల రాయి అడ్డుకొలత వేగపు వర్గాన్ని బట్టి, దాని బరువు వేగపు ఆరవ ఘాతాన్ని బట్టి మారుతుందని తేలుతుంది. 1844లో విలియం హాప్కిన్స్ అనే ఆంగ్ల గణిత శాస్త్రజ్ఞుడు ఈ సూత్రాన్ని చెప్పాడు. వేగం రెట్టింపైతే 64 రెట్లు బరువైన రాయి కదులుతుంది. ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. పది కిలోల రాయిని దొర్లించే ప్రవాహాన్ని సగం వేగానికి తగ్గిస్తే, అది 156 గ్రాముల రాయిని మించి కదల్చలేదు. నీటిని పూర్తిగా ఆపనక్కరలేదు, నడక మందగిస్తే చాలు. తెచ్చిన ఇసుకను, ఒండ్రును అదే దింపేసి పోతుంది.

కాబట్టి దిగిన వాగును పైకి లేపడానికి మట్టి మోసుకు వెళ్లి పోయనక్కరలేదు. ఆ పని నీటి చేతనే చేయించవచ్చు. కావలసింది కొన్ని రాళ్లు, వాటిని పెట్టే నేర్పు. రాళ్లకు ఆర్మూరు ప్రాంతంలో కరువు లేదు. అక్కడి గుట్టలు చూసినవారెవరికీ ఆ మాట చెప్పనక్కరలేదు. నేర్పు మాత్రం చేత్తో చేసి చూస్తేనే వస్తుంది. పల్లెల్లో వాన నీటి సంరక్షణ పనులు ఎలా చెయ్యాలో చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 1990లలో ఒక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థిక శాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు. పనులు ఊరివారే చెయ్యాలనీ, వారికి శిక్షణ ఇవ్వడానికి వేరుగా డబ్బు కేటాయించాలనీ ఆ సంఘం చెప్పింది.

అటువంటి శిక్షణలో మొదటి పని రాయి ఎత్తడం కాదు, నడవడం. ఎండిన ఒర్రె వెంట కింది నుంచి పైదాకా నడుస్తూ మెట్లు ఎక్కడున్నాయో, ఒడ్డు ఎక్కడ కోసుకుపోతోందో, గడ్డి తనంత తాను ఎక్కడ పట్టుకుందో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. రెండవది వాలు కొలవడం. దీనికి పెద్ద పరికరం అక్కరలేదు. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం పన్నెండు మీటర్లు, స్కేలు గీసిన కర్రలు రెండు. గొట్టంలో గాలి బుడగ లేకుండా నీరు నింపి, రెండు కొసలను రెండు కర్రలకు ఆనించి పట్టుకోవాలి. రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. కర్రల మధ్య దూరం 10 మీటర్లు. ఎగువ కర్ర మీద నీరు 80 సెంటీమీటర్ల దగ్గర, దిగువ కర్ర మీద 100 దగ్గర నిలిచిందనుకోండి. అంటే 10 మీటర్లలో నేల 20 సెంటీమీటర్లు దిగింది. వాలు నూటికి రెండు.

ఇప్పుడు రాళ్ల వరుస. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఒక రాయి ఎత్తే ఉండాలి, కాని ఒర్రె పొడుగునా నాలుగైదు రాళ్ల మందం ఉండాలి. కొత్తవారు చెయ్యబోయే మొదటి పొరపాటు గోడ కట్టడమే! గోడ ఎత్తైతే నీరు దాని మీద నుంచి దూకుతుంది, కింద గుంట తవ్వుతుంది. అంటే మనమే చేతులారా ఒక కొత్త మెట్టు కట్టినట్టు. రాళ్లు గుండ్రంగా కాక కోణాలు తేలి ఉంటే ఒకదానికొకటి పట్టు దొరుకుతుంది. ముందుగా చిన్న కందకం తీసి అడుగు రాళ్లు అందులో కూర్చోబెట్టాలి. రెండు కొసలనూ ఒడ్డులోకి మూరెడు చొప్పించాలి. మధ్య భాగం కొసల కంటే కొంచెం పల్లంగా ఉండాలి. లేకపోతే నీరు పక్కనుంచి దారి చేసుకుని ఒడ్డును కోసేస్తుంది. దిగువ వైపు నేల మీద చదునుగా మరికొన్ని రాళ్లు పరిస్తే, దిగే నీరు వాటి మీద పడుతుంది.

రెండు వరుసల మధ్య దూరమెంత? కింది వరుస నెత్తి, పై వరుస పాదం ఒకే మట్టంలో ఉండాలి. వరుస ఎత్తు 30 సెంటీమీటర్లు, వాలు నూటికి రెండు అయితే దూరం 15 మీటర్లు. గొట్టంతో కొలిచింది ఇందుకే. ఒక వానాకాలం గడిచేసరికి వరుస వెనుక ఒండ్రు నిండుతుంది. మరుసటి ఏడు ఆ ఒండ్రు మీద, కొంచెం ఎగువగా, ఇంకో వరుస. ఇలా వాగు అడుగు మెట్టు మెట్టుగా పైకి వస్తుంది. నడిచే మెట్టు ఉన్నచోట దాని ముఖాన్ని ఏటవాలు చేసి, రాళ్లు పరిచి, నీరు దూకకుండా జారేటట్టు చెయ్యాలి.

రాళ్లు ఆరంభం మాత్రమే, పట్టు నిలిపేవి వేళ్లు. వాన మొదలయ్యాక వావిలి కొమ్మలు కోసి ఒడ్డున గుచ్చితే చిగురిస్తాయి. పశువులు దాన్ని అంతగా ముట్టవు, అదొక సౌకర్యం. ఒడ్డు అంచున వట్టివేరు పిలకలు జానెడుకు ఒకటి చొప్పున, పైన కానుగ, నేరేడు, తెల్లమద్ది. తెల్లమద్దికి ఏరుమద్ది అనే పేరు కూడా ఉంది. అది ఎక్కడ పెరుగుతుందో ఆ పేరే చెబుతోంది.

ఇదంతా పనిచేస్తుందా అని మీరు అడగాలి. హైదరాబాదుకు పడమర శంకర్‌పల్లి దగ్గర కొత్తపల్లి అనే ఊరుంది. 1999లో అక్కడ 465 హెక్టార్ల మీద ఇక్రిశాట్ సంస్థ, ఊరివారు కలిసి పని మొదలుపెట్టారు. ఒర్రెల్లో 97 చోట్ల చిన్న అడ్డుకట్టలు వేశారు. పని జరగని పక్క భాగంలో పారిన నీటిని కూడా పరికరాలతో కొలిచారు. 2000లో 1161 మిల్లీమీటర్ల వాన కురిసింది. పని జరగని చోట అందులో 118 మిల్లీమీటర్లు పారిపోతే, జరిగిన చోట 65. కొట్టుకుపోయిన మట్టి మొదటి చోట హెక్టారుకు నాలుగు టన్నుల పైన, రెండవ చోట ఒకటిన్నర. అయితే అక్కడ నీరు నిలిపే కట్టలు మరో 14 కట్టారు, పొలాలకు గట్లు వేశారు. కనుక ఘనతంతా ఒర్రె రాళ్లకే కట్టబెట్టకూడదు.

ఉత్తర అమెరికాలో బీవర్ అనే జంతువు ఉంది, ఎలుక జాతిదే. కొమ్మలు కొరికి, వాగులకు అడ్డం వేసి బతుకుతుంది. బొచ్చు కోసం మనుషులు దాన్ని వేటాడి వేటాడి తగ్గించాక అక్కడి వాగులు చాలా చోట్ల లోతుకు దిగిపోయాయి. ఆరిగన్ రాష్ట్రంలోని బ్రిడ్జ్ క్రీక్ అనే వాగులో 2009 నుంచి శాస్త్రవేత్తలు గుంజలు పాతి, వాటి మధ్య కొమ్మలు అల్లి బీవర్ పని తామే చేసి చూశారు. ఒడ్డు కింద నీటి మట్టం పెరిగింది. బీవర్లు కూడా వచ్చి ఆ అల్లికలకు తమ కొమ్మలు జోడించాయి!

మన ఒర్రెల్లో ఈ పని ఎండాకాలంలో, పెద్దల వెంట, భూమి యజమానికి, పంచాయతీకి చెప్పి చెయ్యాలి. రాయి తిప్పేముందు కర్రతో తట్టండి, కింద తేలు ఉండవచ్చు. పెద్ద వాగులో మాత్రం వద్దు, అక్కడి వరద ముందు ఈ రాళ్లు నిలవవు. పైనున్న చిన్న ఒర్రెల నుంచే మొదలుపెట్టాలి.

పనికి ముందే దగ్గరలోని బావిని ఎంచుకోండి. తాడుకు రాయి కట్టి దింపి, పెద్దవారి చేత ఒడ్డు నుంచి నీటి దాకా లోతు కొలిపించండి. నెలకొకసారి, అదే తేదీన. పక్కనే ఆ నెల వాన ఎంతో రాయండి. ఒర్రెకు దూరంగా ఉన్న మరో బావిని కూడా అలాగే కొలవండి. రెండు బావులూ ఒకేలా పెరిగితే అది వాన చలవ. ఒర్రె పక్క బావి ఎక్కువ పెరిగితే, అప్పుడు రాళ్ల వరుసల గురించి మాట్లాడవచ్చు.